బండ కింది చేతులు

(మన నేలల చరిత్ర – 4)

నంద్యాల జిల్లాలో ఏ ఇంటి గడప దాటినా పాదానికి ముందు తగిలేది బండే. బేతంచెర్ల బండ, నాపరాయి, కడప బండ అని ఊరిని బట్టి పేరు మారుతుంది, అంతే. ఈ బండను ఎవరు కనిపెట్టారని క్లాసులో అడిగితే పిల్లలు నవ్వుతారు. రాయిని ఎవరైనా కనిపెడతారా సార్, అది భూమిలోనే ఉంది కదా అంటారు.

ఆ నవ్వు గురించే ఈ వారం మాట్లాడుకుందాం.

ఎందుకంటే ఇంటి నేల చరిత్ర ఏ పుస్తకంలో తెరిచినా కనిపెట్టినవాళ్ళ పేర్లు బారులు తీరి ఉంటాయి. 1824లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. 1840లో రిచర్డ్ ప్రాసర్ పొడి మట్టిని యంత్రంతో ఒత్తి గట్టి బిళ్ళలు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గుండీల కోసం పుట్టిన ఆ పద్ధతే టైల్స్ పరిశ్రమకు పునాది అయింది. 1956లో అమెరికాలో హెన్రీ రోత్‌బర్గ్ అనే కెమికల్ ఇంజనీరు, సిమెంటులో రబ్బరు పాలలాంటి లేటెక్స్ కలిపి, పల్చటి పూతతో టైలు అతికించే పద్ధతి మీద లాటిక్రీట్ సంస్థ పెట్టాడు. ప్రతిదానికీ ఒక పేరు ఉంది, ఒక తేదీ ఉంది, ఒక కాగితం ఉంది.

మన బండకు మాత్రం పేరూ లేదు, తేదీ లేదు, కాగితమూ లేదు. అంటే ఇక్కడ ఆవిష్కరణే జరగలేదా? జరిగింది. చేసినవాళ్ళ కులం వల్ల దానికి ఆవిష్కరణ అన్న పేరు దక్కలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఇక వివరంగా చూద్దాం.

ఊళ్ళ పేర్లు రాళ్ళకెక్కాయి

భారత భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. ఆయనా, ఆయన తర్వాతి వాళ్ళూ ఈ పొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టారు. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. నార్జి కడప వైపు ఊరు, మిగతావన్నీ ఇప్పటి నంద్యాల జిల్లావే. ఈ రాతి పొరల గురించి చదివే విద్యార్థి ఎక్కడివాడైనా మన పాణ్యం పేరు పలకాల్సిందే. ఊరి పేరు శాస్త్రంలోకి ఎక్కింది. అదే ఊళ్ళో తరతరాలుగా ఆ రాయిని పొరపొరగా విప్పినవాళ్ళ పేర్లు ఎక్కలేదు.

ఈ నార్జి సున్నపురాయే బేతంచెర్ల బండకు తల్లి. యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో, ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు, అడుగున పేరుకున్న సన్నటి ఒండ్రు పొర మీద పొరగా గట్టిపడింది. పుస్తకంలో పేజీల మాదిరి ఉంటుంది. ఆ పేజీని చిరగకుండా విప్పడమే అసలు విద్య. తోటా పేలిస్తే బండ ముక్కలవుతుంది. అందుకే సమ్మెట, ఉలి, గడ్డపార. గనిలో మనిషి ముందు రాయిని తట్టి వింటాడు. మోత గట్టిగా ఉంటే లోపల బాగుంది, మోత మారితే పగులు ఉంది. పొర ఎక్కడ విడుస్తుందో గీత చూసి, ఆ గీత వెంట వరసగా ఉలులు దిగ్గొట్టి, ఒక్కోదాని మీద కొంచెం కొంచెంగా దెబ్బ వేస్తూ పోతాడు. ఒకేచోట బలంగా కొడితే బండ విరుగుతుంది. అన్నిచోట్లా సమంగా పడితే మంచం అంత బండ నిదానంగా పైకి లేస్తుంది.

పదార్థ స్వభావం తెలుసుకుని, దానికి సరిపడా పనిముట్టు, పద్ధతి రూపొందించుకుని, తర్వాతి తరానికి నేర్పడం ఇది. ఆవిష్కరణ అంటే ఇంతకంటే ఏముంటుంది?

ఈ విద్య ఎక్కువగా వడ్డెరలది. వలస పాలకులు వీళ్ళను ఎలా రాశారో చూడండి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద అచ్చువేసిన సంపుటాల్లో వడ్డెలు చెరువులు తవ్వేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక, వాళ్ళలోనే కొన్ని గుంపులు పుట్టుకతో నేరస్థులు. చెరువులు తవ్వి, కోటలకూ గుడులకూ రాయి ఇచ్చిన జనానికి దక్కిన బిరుదు అది. ఈ రోజుకీ కర్ణాటకలో భోవి, వడ్డర్ పేర్లతో ఈ కులం ఎస్సీ జాబితాలో ఉంది. సరిహద్దు ఇవతల మన దగ్గర బీసీ-ఎ. రాయి ఒకటే, సుత్తి ఒకటే, సరిహద్దు దాటగానే మనిషి లెక్క మారిపోతుంది. గనుల్లో వాళ్ళ పక్కనే మాల, మాదిగ, బోయ కూలీలు మట్టి తీస్తారు, బండ మోస్తారు, లారీకి ఎక్కిస్తారు.

ఆళ్లగడ్డలో ఉలి, బేతంచెర్లలో ఉలి

ఇక్కడొక పోలిక చూడాలి. ఆళ్లగడ్డ శిల్పం దేశమంతా తెలుసు. అక్కడి శిల్పులు దేవుళ్ళ విగ్రహాలతో పాటు నాయకుల విగ్రహాలూ చెక్కుతారు. వాళ్ళ ప్రతిభను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. వాళ్ళదీ రెక్కల కష్టమే, వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయేదీ రాతి దుమ్మే. కానీ శిల్పికి శాస్త్రం ఉంది, గురుపరంపర ఉంది, స్థపతి అన్న బిరుదు ఉంది, విశ్వకర్మ అన్న వంశగౌరవం ఉంది. బండ తీసేవాడికి కూలి రేటు ఒక్కటే ఉంది. ఇద్దరి చేతిలోనూ ఉలే ఉంది. ఒకరి ఉలి కళ అయింది, ఇంకొకరి ఉలి చాకిరీ అయింది. కులమంటే పనిని పంచడం మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళను మెట్లుమెట్లుగా విడదీయడం అని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించింది దీని గురించే. విగ్రహాన్ని చూసి మొక్కుతాం. ఆ విగ్రహం ముందు నిలబడేది బండ మీద, ఆ బండను తలదించి చూసేవాళ్ళే లేరు.

మొదటి అతుకు: సున్నం

బండ తీయడం సగం పనే. దాన్ని నేలకు అతకాలి. నేల చరిత్రంతా నిజానికి ఈ అతుకు చరిత్రే.

మన పెద్దవాళ్ళ అతుకు సున్నం. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు కలిపితే పొగలు కక్కుతూ ఉడుకుతుంది. ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా ఆడిస్తే గానుగ సున్నం. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవాళ్ళు. నేల మీద పరిచాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుంది. అంటే కింద రాయి, పైన రాయి, మధ్యలో అతికేదీ రాయే. బట్టీ ముందు కాలినవాళ్ళు, సున్నం తొక్కినవాళ్ళు, గచ్చు గట్టిపడేదాకా చెక్కలతో కొట్టిన ఆడవాళ్ళు ఈ రసాయనశాస్త్రాన్ని సమీకరణం లేకుండానే నడిపించారు.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి మాటల దగ్గర కాసేపు ఆగుతాను. గచ్చు పారశీకం నుంచి వచ్చింది, అక్కడ గచ్ అంటే పూత పూసే సుద్ద. మేస్త్రీ పోర్చుగీసు మాట. సిమెంటుకు మూలం లాటిన్‌లోని కేమెంటుమ్, అంటే గనిలో కొట్టి తీసిన రాతి ముక్క. చూశారా, సిమెంటు అన్న మాటలోనే రాయి కొట్టేవాడు దాక్కుని ఉన్నాడు. మాట గుర్తుపెట్టుకుంది, చరిత్ర మర్చిపోయింది.

మరి ఆ సున్నపు అతుకుతో పరిచిన బండల మీద ఎవరు నడిచారు? అహోబిలం, యాగంటి, మహానంది... మన చుట్టూ అన్నీ రాతి గుడులే. గుళ్ళల్లో శాసనాలు దానం ఇచ్చినవాళ్ళ పేర్లు చెబుతాయి, బండ మోసినవాళ్ళ పేర్లు అడిగితే నోరు విప్పవు. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా ఈ జిల్లా దళితులకు గుడి బండ మీద కాలు పెట్టే హక్కును చట్టం ఖాయం చేయలేదు. చట్టం వచ్చాక కూడా ఎన్ని ఊళ్ళల్లో ఎన్నేళ్ళు పట్టిందో మీ ఇళ్ళల్లో అవ్వాతాతలను అడగండి.

రెండో అతుకు: సిమెంటు

ఆస్ప్‌డిన్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన వృత్తి ఏమిటో తెలుసా? ఇటుకలు పేర్చే మేస్త్రీ. మన తాపీ మేస్త్రీ లాంటివాడే. సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి కాల్చాడు. తర్వాతివాళ్ళు ఆ వేడిని 1450 డిగ్రీల దాకా పెంచి ఇప్పటి సిమెంటు చేశారు. ఇంగ్లండులో ఒక మేస్త్రీ పేటెంటు ఆఫీసు మెట్లెక్కగలిగాడు. అదే కాలంలో మన మేస్త్రీకి బడి మెట్లే అందలేదు. తేడా నైపుణ్యంలో లేదు, ఎక్కనిచ్చిన మెట్లలో ఉంది.

మన దగ్గర పాణ్యం సిమెంట్స్ 1955లో ఏర్పడింది. బేతంచెర్ల పక్కన దాని చుట్టూ సిమెంట్ నగర్ అనే ఊరే వెలిసింది. ఆ తర్వాత అదే సున్నపురాయి రెండు దారుల్లో ఊరు దాటింది, పొరగా విడిస్తే బండ అయి, పొడిగా కాలిస్తే సిమెంటు అయి. రెండూ మళ్ళీ ఏదో ఒక ఇంటి నేలలో కలుసుకున్నాయి. రెండంగుళాల మాల్ పరిచి, దాని మీద సిమెంటు పాలు పోసి, బండ దించి, చెక్క సుత్తితో తట్టి మట్టం చూస్తే పని అయిపోతుంది. బండ వెనక గరుకు మాల్‌ను పట్టుకుంటుంది.

ఈ మార్పు మన వాడలకు చేసిన మేలు కూడా చెప్పాలి. మట్టి నేల అంటే వారం వారం పేడ తెచ్చి అలకడం. ఆ పని ఎప్పుడూ ఆడవాళ్ళదే, కూలికి పోయి వచ్చాక అదనంగా. వాన పడితే చెమ్మ, చెమ్మలో పురుగు, చంటిపిల్లల దగ్గు. బండ పడ్డ రోజు మా అమ్మల నడుములకు సెలవు దొరికింది. గని పక్క గుడిసెల్లో పనికిరావని పక్కన పడేసిన ముక్కలనే ఏరుకొచ్చి, అచ్చు కలవకపోయినా పరుచుకున్న నేలలు మీరు చూసే ఉంటారు. నేల అనేది అలంకారం కాదు, ఆరోగ్యం, ఆత్మగౌరవం.

మూడో అతుకు: జిగురు

టైల్స్ కథలోనూ కులం ఉంది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు, గియోర్గ్ ప్లెబ్‌స్ట్ ఆధ్వర్యంలో, పెంకుల కార్ఖానా పెట్టారు. క్రైస్తవం తీసుకుని కులం నుంచి వెలి అయి, బతుకుతెరువు పోగొట్టుకున్నవాళ్ళకు అందులో పని దొరికింది. యంత్రం ముందు మట్టి ఒత్తేవాడి కులం అడగాల్సిన అవసరం రాలేదు. కొత్త పదార్థం పాత కట్టును కొంచెం వదులు చేయగలదు అనడానికి అదొక ఉదాహరణ. పెత్తనం మాత్రం దొరల చేతుల్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ప్రతి ఊళ్ళో విట్రిఫైడ్ టైల్ షాపు ఉంది. దాని ప్రత్యేకత, అది తన బరువులో అర శాతం నీళ్ళు కూడా పీల్చదు. అందుకే మరక పట్టదు. అదే దాని ఇబ్బంది కూడా. నీళ్ళు పీల్చనిది సిమెంటు పాలనూ పీల్చదు. పాత పద్ధతిలో వేస్తే కొన్నాళ్ళకు కింద డొల్ల పడి, తడితే బోలుగా మోగుతుంది. అందుకే పాలిమర్ కలిపిన జిగురు, దాన్ని గీతలు గీతలుగా పరిచే పళ్ళ తాపీ వచ్చాయి. ఈ జిగుర్లకు ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది.

టైలు వచ్చాక బండకు గిరాకీ పడిపోయింది. బండనే నమ్ముకున్న గని కూలీ, పాలిష్ మిషను కూలీ ఏమవ్వాలి? అదే చేత్తో హైదరాబాదులో, బెంగళూరులో టైలు మోస్తున్నాడు.

ఇంకా భయపడాల్సింది దుమ్ము. ఇంజనీర్డ్ స్టోన్ అని కొత్తగా వస్తోంది. తొంభై శాతం దాకా క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో అతికించిన పలక అది. దాన్ని కోస్తే లేచే దుమ్ము సిలికోసిస్ తెస్తుందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది. అక్కడ జబ్బుపడిన కార్మికుణ్ణి లెక్కపెట్టారు, కాబట్టి పలకనే ఆపగలిగారు.

మన లెక్క చూడండి. 2025 దాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద, 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్ళు సంక్షేమ బోర్డులో చేరగలిగేవాళ్ళు. నిర్మాణ ఖర్చు మీద కనీసం 1 శాతం సెస్సు వాళ్ళ కోసమే. కానీ గనుల చట్టం కిందికి వచ్చే పనిని ఆ నిర్వచనం మొదటే మినహాయించింది. గనులకు 1952 నుంచి 2025 దాకా వేరే చట్టం ఉండేది నిజమే. హాజరు పుస్తకంలో పేరే లేని కూలీకి అది ఏ గడప దగ్గర దొరకాలి? బండ పరిచేవాడు ఒక లెక్కలో ఉన్నాడు, బండ తీసేవాడు ఏ లెక్కలోనూ తేలడం లేదు. రాతికీ నేలకీ మధ్య అతుకు ఎన్నిసార్లో మారింది. మనిషికీ చట్టానికీ మధ్య అతుకు మాత్రం ఇంకా పడలేదు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీలో ఎంఏ ప్రాజెక్టులు చేసేవాళ్ళు ఉన్నారు. ప్రబంధాల్లో వర్ణనల మీద వందల సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. బేతంచెర్ల, అవుకు, కొలిమిగుండ్ల గనుల్లో వాడే మాటల మీద ఒక పదకోశం చేయండి. రాయి మోతకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు రాయండి, చెప్పినవాళ్ళ అనుమతితో వాళ్ళ పేర్లూ రాయండి. కార్యకర్త మిత్రులారా, మీ వాడలో తాపీ పనికి, టైల్స్ పనికి పోయేవాళ్ళ నమోదు ఉందో లేదో ఈ నెలలోనే చూడండి. గని కూలీల హాజరు పుస్తకాల గురించి అడగడం మొదలుపెట్టండి.

రాయిని ఎవరైనా కనిపెడతారా అని మళ్ళీ ఎవరైనా నవ్వితే, కనిపెట్టారు, వాళ్ళ పేర్లు రాసుకునే పనిలో ఉన్నాం అని చెప్పండి.

వచ్చే వారం కుమ్మరి సారె గురించి.

జై భీమ్.