హిప్ హాప్ పుట్టుకా, కవాడిగూడ డప్పూ

హిప్ హాప్ అమెరికా నుంచి వచ్చింది గనక అది సామ్రాజ్యవాద సంస్కృతి అనే మాట మన సాహిత్య సభలలో తరుచు వినిపిస్తుంది. ఈ లెక్కన పాల్ రోబ్సన్ పాట కూడా సామ్రాజ్యవాద సంస్కృతే కావాలి. ఒక కళారూపం ఏ దేశంలో పుట్టిందని కాక, ఆ దేశంలో ఏ వర్గం చేతుల్లో, ఏ అవసరం కొద్దీ పుట్టిందని అడగటం మన పద్ధతి. పరాయి దేశపు కళ దగ్గరకు వచ్చేసరికి మనవాళ్లు ఈ పద్ధతిని ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు.

న్యూయార్కు నగరంలో ఉత్తర భాగాన బ్రాంక్స్ ఉంది. 1948లో మొదలై 1972 దాకా సాగిన ఒక మహా రహదారి నిర్మాణం ఆ ప్రాంతాన్ని అడ్డంగా చీల్చింది. వేలాది కుటుంబాలకు నిలువ నీడ లేకుండా పోయింది. ఫ్యాక్టరీలు తరలిపోయాయి, కాస్త కలిగినవాళ్లు శివార్లు చేరుకున్నారు. మిగిలింది ఎక్కువగా నల్లజాతివారూ, పోర్టోరికో నుంచి వలస వచ్చినవారూను. అద్దెల కన్న బీమా సొమ్మే గిట్టుబాటని ఇళ్ల యజమానులు కొందరు కిరాయి మనుషుల చేత తమ ఇళ్లకు తామే నిప్పు పెట్టించుకున్నారు. ఆస్తి పవిత్రమైనదని వల్లించే సమాజంలో ఆస్తికి అంతకన్న లాభం తగలబెట్టటంలో కనిపించిందన్న మాట! కుర్రకారు ముఠాలుగా చీలి ఒకరినొకరు చంపుకుంటున్న రోజులవి. ముఠాల మధ్య రాజీ కుదర్చబోయిన ఒక యువకుణ్ణి 1971లో చంపేస్తే, ఆ ఏడాది డిసెంబరులో ముఠాల నాయకులే ఒకచోట కూర్చుని కయ్యాలు మానాలని ఒప్పుకున్నారు. ఆ సంధి లేకపోతే ఒక వీధివాడు ఇంకొక వీధిలో ఆటకు పోగలిగేవాడు కాడు. కళ పుట్టేందుకు ముందు మనుషులు ఒకచోట చేరగలగాలి గదా.

1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నెంబరు అద్దె ఇళ్ల భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక వినోద కార్యక్రమం పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని ఆమె ఆలోచన. ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు యాభై సెంట్లు టిక్కెట్టు. గ్రామఫోను రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. కూల్ హెర్క్ పేరుతో ప్రసిద్ధుడైనవాడు అతనే. జమైకాలో పుట్టి 1967లో వలస వచ్చిన కుర్రవాడు. జమైకాలో పెద్ద పెద్ద సౌండు పెట్టెలు వీధిలో పెట్టి, పాట మీద మాటలు విసిరే అలవాటు ఉంది. అది అతనితో వచ్చింది.

హెర్క్ కనిపెట్టినదేమిటంటే, పాటలో గాయకుడూ మిగతా వాద్యాలూ ఆగి తాళవాద్యం ఒక్కటే మోగే ఘట్టం రాగానే జనం రెట్టించిన ఉత్సాహంతో ఆడుతున్నారని. మన కచేరీలో తని ఆవర్తనం లాంటిది అది. కాని రికార్డులో కొద్ది సెకన్లలో అయిపోతుంది. అతను ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, రెండు యంత్రాల మీద పెట్టి, ఒకదానిలో ఆ ఘట్టం ముగిసేసరికి రెండవదానిలో అది మళ్లీ మొదలయేట్టు చేశాడు. కొద్ది సెకన్ల దరువు ఎంతసేపైనా సాగింది. ఆ దరువు మీద ఆడినదే బ్రేక్ నాట్యం, పలికినదే ర్యాప్. తరవాత రెండేళ్లకు, 1975లో, నగర ప్రభుత్వం దివాలా అంచుకు చేరి వేలాది ఉపాధ్యాయులను తీసేసింది. బడులలో సంగీత పాఠాలు బలి అయాయి. వాద్యం కొనలేనివాడూ, నేర్పేవాడు లేనివాడూ వినే యంత్రాన్నే వాయించే యంత్రంగా మార్చుకున్నారు. ఉత్పత్తి సాధనాలు లేనివాడు వినియోగ వస్తువును సాధనంగా మార్చటం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్న గొప్ప విషయంగా తోస్తుంది.

తెలుగువాడికి ఇందులో కొత్త కానిది ఒకటుంది. దరువు మీద మాట, మాటకు వంత, వంతలో ఎకసెక్కం - ఇది బుర్రకథ కాదా? 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జంగం కథను అందుకుని, ప్రధాన కథకుడికి ఒక పక్క హాస్యం చెప్పేవాణ్ణీ, ఇంకొక పక్క రాజకీయం చెప్పేవాణ్ణీ నిలబెట్టింది. షేక్ నాజర్ నోట బెంగాలు కరువు జనానికి పాత కథ అంత దగ్గరైంది. 1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్ ఒగ్గుకథనూ చిందునూ డప్పునూ అదే పనికి పెట్టాడు. 2002లో తెలంగాణ ధూంధాం వచ్చింది. వీటిని హిప్ హాప్‌తో ముడిపెట్టి, మనమే ముందు కనిపెట్టామని గొప్పలు చెప్పుకోవటం తెలివితక్కువ. ఒకే రకం ఒత్తిడి కింద, ఒకే రకం పేదరికంలో మనుషులు ఒకే రకం పరికరాలను వెతుక్కుంటారనేదే ఇక్కడ గమనించవలసినది.

ఆఫ్రికా దరువుకు మన నగరంతో మరొక సంబంధం కూడా ఉంది. నిజాము కొలువులో ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ అనే దళం ఉండేది, ఏ.సీ. గార్డ్స్ అనే పేట పేరు దాని గుర్తే. ఆ సిద్దీలూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ వాయించిన మర్ఫా ఈనాటికీ హైదరాబాదు పెళ్లి ఊరేగింపులలో మోగుతుంది. దాని కులం, మతం, దేశం అడగకుండానే జనం దానికి అడుగులు వేస్తారు.

ఇక బజారు సంగతి. 1979లో దేశమంతా మోగిన మొదటి పెద్ద ర్యాప్ రికార్డు బ్రాంక్స్‌వాళ్లది కాదు. న్యూజెర్సీలో ఒక రికార్డు సంస్థ కూడగట్టిన బృందానిది. వీధిలో పుట్టినది వీధివాళ్ల పేరు లేకుండానే అమ్ముడుపోయింది. 1982లో 'ది మెసేజ్' ఆ వీధి దుర్భర జీవితాన్ని రికార్డు కెక్కించింది గాని, మదుపుపెట్టేవాడికి బంగారు గొలుసులూ తుపాకులే ఎక్కువ లాభం తెచ్చాయి. మనకూ 1994లో 'ప్రేమికుడు' వంటి సినిమాలతో ముందు వచ్చింది సరుకే. ఈ నగరపు కుర్రవాళ్లు తమ భాషలో, తమ యాసలో ర్యాప్ కట్టటం చాలాకాలానికి గాని రాలేదు.

కవాడిగూడకు వద్దాం. లోయర్ ట్యాంక్‌బండ్ పక్కన 1920లో వెలసిన డి.బి.ఆర్. మిల్లు మూతపడి ఏళ్లయింది. పక్కనే అశోక్‌నగర్‌లో ఊళ్ల నుంచి వచ్చిన యువకులు సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతూ యౌవనాన్ని కరిగిస్తున్నారు. గణేశ నిమజ్జనానికి హుసేన్‌సాగర్ దారి పట్టిన బళ్ల మీద గోడలంత డీజే పెట్టెలు ఎక్కుతూ వచ్చాయి. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. చెవులు అదిరే మోత ఎవరికీ మేలు కాదు, నిజమే. అయితే ఈ పెట్టెలను ప్రజల సంగీతమని సమర్థించే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. బ్రాంక్స్‌లో యంత్రం, వాద్యం లేనివాడికి వాద్యమైంది. మన పేటల్లో అదే యంత్రం, వాద్యం ఉన్నవాడి పొట్టకొట్టింది. పెళ్లికీ బోనాలకూ చావుకూ పిలుపు అందుకునే డప్పు కళాకారుడు, తరతరాలుగా చాటింపు వేయమని మాదిగవాడికి అంటగట్టిన వాద్యాన్ని 1994 దండోరా ఉద్యమం ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టిన తరవాత కూడా, ఊరేగింపులో తన జాగాను అద్దె పెట్టెకు వదులుకోవలసి వచ్చింది. పెట్టె యజమాని సీజనులో పెట్టుబడి రాబట్టుకుంటాడు. డప్పువాడు కూలి కోసం ఇంకొక అడ్డాకు పోతాడు. యంత్రం ఒకటే, అది ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న రెండు చోట్లా వేరు వేరు జవాబు చెబుతున్నది.

సెడ్జ్‌విక్ అవెన్యూ భవనం కథ అక్కడితో అయిపోలేదు. 2007లో దాని యజమానులు సరసమైన అద్దెల పథకం నుంచి బయటపడబోతే, అద్దెదార్లు ఆ భవనం హిప్ హాప్ జన్మస్థలమని చాటి పోరాటానికి దిగారు. హెర్క్ కూడా వాళ్ల పక్కన నిలబడ్డాడు. పాట పుట్టిన ఇంట్లో ఉండే హక్కు కోసం పాటనే సాక్ష్యానికి పిలిచారన్న మాట. కవాడిగూడను ఆనుకుని ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ ఉంది. 2017లో అక్కడ నిరసనలను మూయించారు. 2018 నవంబరులో హైకోర్టు మళ్లీ తెరిపించింది. ఆ మధ్యలో చౌక్ కోసం కదిలినవాళ్లలో డప్పులు భుజాన వేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు.