ఆటగాళ్ల కథలు, తారల కథలు: సరదాగా చదువుకునే చరిత్ర

సంచికకి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "ఏదైనా రాయి గానీ నీ బాయిలర్ల గురించి మాత్రం వద్దు" అని ముందే షరతు పెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా కరెంటు తయారుచేసే చోట పనిచేస్తున్నవాడికి అది కాకుండా ఇంకేం తెలుస్తుంది? ఆలోచిస్తే ఒకటి తట్టింది. నేను సరదాకి చదివినవన్నీ దాదాపు ఆటగాళ్ల, సినిమావాళ్ల జీవితకథలే. రాత్రి షిఫ్టుల్లో నన్ను మెలకువగా ఉంచినవి టీతో పాటు అవే. మన బ్యాచ్ వాళ్లలో చాలామంది "కళ్లజోడు వచ్చాక పుస్తకం పట్టుకోలేదురా" అంటున్నారు కాబట్టి, మళ్లీ మొదలుపెట్టడానికి వీలుగా ఉండే కొన్నింటి గురించి చెబుతాను. అయితే అందులో నా తప్పు ఒకటి కూడా చెప్పాల్సి ఉంది.

1984లో మేం తొమ్మిదో తరగతి. అంతకు ముందు ఏడాదే కపిల్ దేవ్ జట్టు ప్రపంచ కప్పు తెచ్చింది. ఊళ్లో కొబ్బరిమట్ట బ్యాట్లకి కూడా గిరాకీ. మన లైబ్రరీలో ఇనప బీరువా అడుగు అరలో సునీల్ గవాస్కర్ 'సన్నీ డేస్' దొరికింది. ఇంగ్లీషు పుస్తకం. తెలుగు మీడియం వాణ్ణి, పేజీకి పది మాటలు అర్థం కావు. అయినా వదల్లేదు, ఎందుకంటే మొదటి పేజీల్లోనే సినిమా కథ ఉంది. పుట్టిన మర్నాడు ఆసుపత్రిలో పిల్లలు తారుమారయ్యారు. తొలిరోజు చూసిన మేనమామకి బిడ్డ చెవి దగ్గర చిన్న రంధ్రం ఉన్నట్టు గుర్తు. మర్నాడు చేతికిచ్చిన బిడ్డకి అది లేదు. వెతికితే అసలు బిడ్డ ఒక జాలరి స్త్రీ పక్కలో నిద్రపోతూ దొరికాడు. ఆ మామయ్య చూపు అంత నిశితంగా లేకపోతే 1971లో వెస్టిండీస్ మీద 4 టెస్టుల్లో 774 పరుగులు ఎవరు చేసేవారు అని మేం తెగ వాదించుకున్నాం.

ఆ పుస్తకం అచ్చయింది 1976లో. అప్పటికి గవాస్కర్ వయసు 27 దాటలేదు. జీవితకథ రాసుకునే వయసా అని అప్పట్లో నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. కానీ దాని బలమంతా ఆ తొందరలోనే ఉంది. ఆ ఏడాది కింగ్‌స్టన్ టెస్టులో బంతులు తగిలి మనవాళ్లు ఒక్కొక్కరే ఆసుపత్రిపాలు కావడం, రెండో ఇన్నింగ్స్‌లో 97 పరుగులకి 5 వికెట్లు పడ్డాక బ్యాటింగుకి ఎవరూ మిగలక ఇన్నింగ్స్ ముగిసిపోవడం, ఆ గాయాలు చూసి ప్రేక్షకులు కేరింతలు కొట్టడం, ఇవన్నీ కోపం చల్లారకముందే రాశాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత రాసుంటే మర్యాద అడ్డొచ్చేది. చరిత్రకి మర్యాద కంటే వేడి ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ముందు ఇచ్చేది ఇదే.

ఇక నా తప్పు. ఆ మరుసటి ఏడాది మన బడి వక్తృత్వ పోటీలో నా అంశం 'భారతీయ క్రీడారత్నాలు'. హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ గురించి మాట్లాడాను. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్ అయ్యాక హిట్లర్ ఆయన్ని పిలిపించి, జర్మనీకి వచ్చెయ్, సైన్యంలో పెద్ద పదవి ఇస్తానన్నాడనీ, ఈయన ఛాతీ విరుచుకుని కాదు పొమ్మన్నాడనీ, గొంతు పెంచి తగ్గించి చెప్పాను. చప్పట్లు మోగిపోయాయి. మొదటి బహుమతి ఒక స్టీలు గ్లాసు. కిందికి దిగాక మా సోషల్ మాస్టారు పక్కకి పిలిచి, "బాగా చెప్పావురా. హిట్లర్ అలా అడిగాడని నీకెవరు చెప్పారు? ధ్యాన్‌చంద్ చెప్పాడా?" అన్నారు. వారపత్రికలో చదివానన్నాను. "వాళ్లకెవరు చెప్పారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బహుమతి వచ్చిన రోజున ఇదేం గొడవ అని మనసులో ఆయన్ని తిట్టుకున్నాను. నా కంటే బాగా మాట్లాడలేకపోయిన వాళ్లెవరో ఆయనకి దగ్గరవాళ్లయి ఉంటారని స్నేహితుల దగ్గర కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు అచ్చులో ఒప్పుకుంటున్నాను.

అంతటితో ఆగలేదు. మా అబ్బాయి చదివిన బడి వార్షికోత్సవానికి అతిథిగా పిలిస్తే వెళ్లి, అదే కథ, అదే గొంతుతో మళ్లీ చెప్పాను. మళ్లీ చప్పట్లు.

ధ్యాన్‌చంద్ ఆత్మకథ పేరు 'గోల్'. మద్రాసులోని 'స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్' పత్రిక వాళ్లు 1952లో ప్రచురించారు. దాని జిరాక్సు ప్రతి నా చేతికొచ్చేసరికి నాకు నలభై దాటాయి. ఆదివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా పూర్తి చేశాను. నేను వెతుకుతున్నది ఒకటే. హిట్లర్ పదవి ఇస్తానన్న కథ అందులో లేదు.

అది జరగలేదని తీర్పు చెప్పడం నా పని కాదు. ఆయన రాసుకోలేదు, అంతవరకే. కానీ అంతకంటే మంచి సంగతులు బోలెడు రాసుకున్నాడు. బెర్లిన్ చేరిన కొద్దిరోజులకే, జూలై 17న, మనవాళ్లు జర్మనీతో ఉత్తుత్తి మ్యాచ్ ఆడి 4-1తో ఓడిపోయారు. రెండు ఒలింపిక్స్ స్వర్ణాలు గెలిచిన దేశం! ఆ రాత్రి కెప్టెన్‌కి నిద్ర లేదు. వెంటనే ఇండియాకి కబురు పంపి దారా అనే ఆటగాణ్ణి రప్పించారు. ఆయన విమానంలో వచ్చి సెమీఫైనల్ వేళకి అందుకున్నాడు. ఫైనల్ ఆగస్టు 14న జరగాలి, వాన వల్ల మర్నాటికి మారింది. ఆటకి ముందు డ్రెస్సింగ్ రూములో పంకజ్ గుప్తా పెట్టెలోంచి ఒక జెండా తీశాడు. కాంగ్రెస్ త్రివర్ణ పతాకం. మైదానంలో వీళ్లది బ్రిటిష్ ఇండియా జట్టు. కెప్టెన్ బ్రిటిష్ సైన్యంలో ఉద్యోగి. తలుపు వేసుకుని ఆ జెండాకి వందనం చేసి ఆటకి వెళ్లారు. సగం సమయానికి మన గోల్ ఒక్కటే. తడి నేల మీద జారుతుంటే ధ్యాన్‌చంద్ మేకుల బూట్లు, మేజోళ్లు తీసేసి రెండో సగం ఆడాడు. 8-1తో గెలిచాం. తేదీ చూడండి: 1936 ఆగస్టు 15. సరిగ్గా పదకొండేళ్లకి ఆ తేదీ మనకేమైందో సోషల్ మాస్టారు చెప్పక్కర్లేదు.

మా ప్లాంటులో లాగ్‌బుక్ ఉంటుంది. మీటరు చూసినవాడే అంకె వెయ్యాలి, పక్కన సమయం వేసి సంతకం పెట్టాలి. "వాడు చెప్పాడు, నేను వేశాను" అంటే చెల్లదు. మాస్టారు ఆ రోజు అడిగింది అదేనని ముప్ఫై ఏళ్లకి తెలిసింది. జీవితకథ చదివేటప్పుడు చూసినవాడు రాశాడా, విన్నవాడు రాశాడా అని ఒక కన్ను వేసి ఉంచితే సరదా తగ్గదు, పెరుగుతుంది.

ఆత్మకథ అన్నంత మాత్రాన ఆ మనిషే కలం పట్టాడనుకోకూడదు. టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ 'ఓపెన్' (2009) వెనుక జె. ఆర్. మోరింగర్ అనే రచయిత ఉన్నాడు. అట్ట మీద ఆయన పేరుండదు. ఈ పుస్తకం మాత్రం మీ ఇంట్లో ఎంట్రన్సు కోచింగులకి వెళ్తున్న పిల్లలెవరైనా ఉంటే ముందు మీరు చదవండి. టెన్నిస్ అంటే తనకి అసహ్యమని ఒక ప్రపంచ ఛాంపియన్ మొదట్లోనే చెప్పేస్తాడు. ఏడేళ్ల పిల్లాడి మీదికి బంతులు విసిరే యంత్రాన్ని తండ్రి ఇంకా వేగం పెంచి నిలబెడితే, ఆ పిల్లాడికి అది నిప్పులు కక్కే రాక్షసిలా కనబడుతుంది. నవ్వించే ఘట్టం కూడా ఉంది. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్. అప్పట్లో కుర్రకారంతా మెచ్చిన ఆ పొడుగు జుట్టు నిజానికి విగ్గు. అది ముందు రోజు రాత్రి ఊడొచ్చింది. పిన్నులతో బిగించుకుని కోర్టులోకి దిగాడు. గెలుపు కంటే విగ్గు నిలబడాలని ఎక్కువ మొక్కుకున్నాడట. విగ్గు నిలిచింది, మ్యాచ్ పోయింది.

మనవాళ్లలో లక్ష్మణ్ '281 అండ్ బియాండ్' (2018), ఆర్. కౌశిక్‌తో కలిసి రాసినది, మెత్తని పుస్తకం. అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు, కొడుకు మెడిసిన్ వదిలి క్రికెట్ ఎంచుకోవడం మన ఇళ్లలో ఎంత పెద్ద గొడవో తెలిసిందే. 2001 మార్చి 14న కోల్‌కతాలో లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా ఆడి ఒక్క వికెట్టూ పడనివ్వకుండా 335 పరుగులు చేశారు. ఆ రోజు నేను కంట్రోల్ రూములో ఉన్నాను. ఎవరి రేడియోనో తెలీదు, ఎవరూ కట్టెయ్యమనలేదు. అలాంటి మనిషి వరల్డ్ కప్పులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ బాధని ఆయన దాచుకోలేదు.

పాతకాలం ఇష్టమైతే సి. కె. నాయుడు మీద ఆయన కూతురు చంద్రా నాయుడు రాసిన పుస్తకం వెతకండి. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టిన మనిషి, 61 ఏళ్ల వయసులో కూడా రంజీ ఆడాడు. మన వాకింగ్ బృందానికి ఇది చదివి వినిపించాలి.

సినిమావాళ్లలో భానుమతి గారి 'నాలో నేను' ముందుంటుంది. 1939లో 'వరవిక్రయం'తో మొదలై, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తనే దర్శకత్వం చేసిన దాకా ఎదిగిన ఆవిడ, ఎవరి దగ్గరా తల వంచినట్టు రాయదు. వంచలేదు కూడా. అత్తగారి కథలు నవ్విన నోటితోనే చదువుకోవచ్చు. ముళ్లపూడి వెంకటరమణ గారి 'కోతి కొమ్మచ్చి' గురించి నేను చెప్పడం అనవసరం. ఆకలిని అంత నవ్వుతూ రాసిన పుస్తకం నేనింకోటి చదవలేదు. దాన్ని వరసగా చదవనక్కర్లేదు. ఆయనే కొమ్మ మీంచి కొమ్మకి దూకుతాడు.

ఒక కొరత. 1956 ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టుని నాలుగో స్థానంలో నిలిపి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్, హైదరాబాదు రహీం సాబ్, వృత్తిరీత్యా బడిపంతులు. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. ఆయన కథ సినిమాగా వచ్చింది. తెలుగులో కమ్మగా చదువుకునే జీవితకథ మాత్రం ఇంతవరకూ నా కంటపడలేదు. ఈ సంచిక చదివే మాస్టార్లలో ఎవరైనా రాస్తే అచ్చు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. ఇది మాటవరసకి అంటున్నది కాదు, అందరినీ అడిగే రాస్తున్నాను.

'గోల్' చదివిన వేసవిలోనే మా సోషల్ మాస్టారి ఊరు వెళ్లాను. ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. వక్తృత్వ పోటీ, స్టీలు గ్లాసు, ఆయన అడిగిన ప్రశ్న, అన్నీ గట్టిగా చెప్పాను. ఆయనకి ఏదీ గుర్తు లేదు. "నేనలా అడిగానా? బహుమతి వచ్చిన పిల్లాణ్ణి అలా అడక్కూడదే" అని నొచ్చుకున్నారు. నేను స్నేహితుల దగ్గర అన్న మాట చెప్పడానికి నోరు రాలేదు. జెండా సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "డ్రెస్సింగ్ రూములోనా? తలుపులు వేసుకునా?" అని రెండుసార్లు అడిగి, "ఏ పేజీ?" అన్నారు. చూపించాను. భూతద్దం తెప్పించుకుని చదవడం మొదలుపెట్టారు. కాఫీ చల్లారిపోయింది.

పైన చెప్పిన పుస్తకాలన్నీ రెండేసి ప్రతులు మన లైబ్రరీకి అందజేశాను. బీరువా తాళం ఆఫీసు గదిలో ఉంటుంది, అడిగితే ఇస్తారు. 'గోల్' మాత్రం జాబితాలో ఉన్నా అరలో కనబడదు. ఆ జిరాక్సు ప్రతి ఇంకా మాస్టారి దగ్గరే ఉంది.