స్వాగతమునకు విపర్యయము: రాజకీయ నిరసనలో అవమానచేష్టలు

కర్నూలు-కడప మార్గమును, ప్రొద్దుటూరు-బద్వేలు మార్గమును మైదుకూరులో కలిసికొనుచున్నవి. ఇట్టి నాలుగుదారుల కూడలికి మన ప్రాంతమున రెండు వినియోగములు కలవు. దిష్టి తీసిన గుమ్మడికాయను, ఎఱ్ఱనీళ్ళను అచట వదలివచ్చుట ఒకటి. నాయకుని దిష్టిబొమ్మను ఊరేగించి తెచ్చి తగులబెట్టుట రెండవది. మొదటిది ఇంటి ఆచారము, రెండవది రాజకీయము. రెండింటికిని తావొకటియే, మాటయు ఒకటియే యగుట కాకతాళీయము కాదని మా తలంపు.

ఊరికి వచ్చిన పెద్దను ఎదురేగి పిలుచుట, పూలమాల వేయుట, హారతి ఇచ్చుట, ఊరేగించుట మన మర్యాదలు. నిరసనచేష్టలను వీనిప్రక్క నిలిపి చూచినచో వాని వ్యాకరణము తెలియును. ఎదురుకోలునకు మారు నల్లజెండా, పూలమాలకు మారు చెప్పులదండ, హారతికి మారు దిష్టిబొమ్మమంట, పల్లకికి మారు గాడిద. ప్రతి అవమానమును ఒక మర్యాదకు తలక్రిందు రూపమే. కావుననే చూచువారికి వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఈ చేష్టలలో కొన్ని మఱుగుపడినను మాటలలో నిలిచియున్నవి. నాయకుడొకడు మఱియొకనిపై ‘దుమ్మెత్తిపోసెను’ అని పత్రికలు వ్రాయునపుడు కఠినవిమర్శ యనియే అర్థము. కాని పల్లెలలో దుఃఖితయైన స్త్రీ నేలమీది దుమ్మును దోసిట నెత్తి పగవానివైపు నిజముగనే చల్లి శపించెడిది. మెటికలు విరుచుటయు అట్టిదే. కచేరియు, శాసనసభయు అందుబాటులో లేనివారికి ఈ చేష్టలే ఫిర్యాదులు. వానిని అనాగరికములని త్రోసివేయుట తగదు.

వ్యవస్థితమైన రాజకీయ నిరసనగా ఈ విపర్యయము తెలుగువారి చరిత్రలో సైమను సంఘ బహిష్కారమున స్ఫుటముగ కానవచ్చును. 1927 నవంబరులో నియమితమైన ఆ సంఘమున ఏడుగురు సభ్యులుండగా భారతీయుడొక్కడును లేడు. ఆ డిసెంబరులో మదరాసున కూడిన కాంగ్రెసు మహాసభ బహిష్కారమును తీర్మానించెను. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సంఘము బొంబాయిలో దిగినది. నాడే మదరాసున హర్తాళు జరిగి, పోలీసు కాల్పులు సంభవింపగా, టంగుటూరి ప్రకాశము పంతులుగారు తుపాకికి ఎదురుగ ఱొమ్ము చూపిరి. బెజవాడలో పురపాలక సంఘాధ్యక్షులైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు ‘సైమను, వెనుకకు పొమ్ము’ అను సందేశమును డఫేదారు చేతికిచ్చి సైమనునకు అందజేయించిరి. పురాధ్యక్షుడు స్వయముగ ఎదురేగి స్వాగతపత్రము సమర్పించుట నాటి మర్యాద. పత్రము అందినది; స్వాగతము మాత్రము అందలేదు. ఇచట అవమానము పొందినది పదవియే గాని దేహము కాదు.

చెప్పులదండ చరిత్ర వేఱు. తల గొఱిగించి, సున్నపుబొట్లు పెట్టి, గాడిదపై ఊరేగించుట ఊరి పెత్తందారులు బలహీనులకు విధించిన శిక్ష. తక్కువవారని తాము తలచినవారిపైనను, స్త్రీలపైనను దానిని ప్రయోగించిరి. ఇది గతించిన ముచ్చట కాదు. షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము 1989లో వచ్చినది. 2015 నాటి సవరణలో చెప్పులదండ వేయుట, బలవంతముగ తల గొఱుగుట, మీసములు తీయుట ప్రత్యేకముగ పేర్కొనబడి నేరములైనవి. చట్టము పేరుపెట్టి నిషేధింపవలసి వచ్చినదనిన ఆ ఆచారబలము ఊహ్యము. నాయకుని మెడలో చెప్పులదండ వేయ నుద్యమించువాడు అధికారిని ఎదిరించుచున్నాననుకొనును. కాని అతడు ఎరవు తెచ్చుకొన్నది పెత్తందారు ఆయుధమునే.

2008 డిసెంబరు 14న బాగ్దాదులో ఒక పాత్రికేయుడు అమెరికా అధ్యక్షుడు బుష్షుపై తన రెండు చెప్పులను విసరెను. దేశము ఆక్రమణలోనున్నవాని క్రోధమును మేము గ్రహింపగలము. అయినను బలవంతునిపై బలహీనుడు చెప్పు విసరుటకును, బలహీనుని మెడలో బలవంతుడు చెప్పులు వేయుటకును గల అంతరమును చూపునది చెప్పు కాదు, చేతుల చరిత్ర.

ఈ రెండింటి నడుమ నిలిచినది దిష్టిబొమ్మ. ‘దృష్టి’ శబ్దభవమైన దిష్టి, పొలముపైనను కట్టుచున్న ఇంటిపైనను పడకుండ తనమీదికి తీసికొనుటకై నిలిపిన గడ్డిబొమ్మయే ఇది. కీడును ఒకరికి మారుగ తాను భరించుట దాని పని. రాజకీయమునకు వచ్చినను ఆ పని మారలేదు. జనుల కోపము నాయకుని దేహమున పడక గడ్డిమీద పడి కూడలిలో బూడిదయగును. ‘శవయాత్ర’, ‘పిండప్రదానము’ అను పేర జరుగు నిరసనలును ఈ ప్రాతినిధ్యమునే ఆశ్రయించుచున్నవి. అయినను ప్రాణముతోనున్నవానికి అపరకర్మలు చేయుట వాని ఇంటివారిని గాయపఱచుననుట మఱవరాదు.

కావున అవమానచేష్టలన్నింటిని ‘నిరసన’ యను ఒక్క శీర్షిక క్రింద చేర్చుట పొరపాటని మా నిర్ణయము. మర్యాదను నిరాకరించుట, ప్రతిమపై కోపము తీర్చుకొనుట, మనుష్యుని దేహమును హీనపఱచుట అను మూడు శ్రేణులుగ వీనిని విభజింపవలెను. మొదటిది ప్రజల హక్కు. రెండవది వారి ఆచారము. మూడవది పాత దౌర్జన్యమునకు క్రొత్తపేరు. రాయలసీమ పల్లెలలోని నిందాచేష్టలను, వానిని సూచించు పలుకుబడులను పరిశోధక విద్యార్థులు సేకరించిన, ఈ విభాగము ఎచట నిలుచునో, ఎచట సవరింపవలెనో తేలగలదు.