పడమటి మండలాల్లో డీకేటీ కాగితం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పేదవాడి పొలం ఎక్కడని అడిగితే చెయ్యి చాలాసార్లు గుట్ట వైపే చూపిస్తుంది. చెరువు కింది మడి ఎప్పుడో ఒకరి వశమైపోయింది. సర్కారు పంచిపెట్టింది గుట్టవారన ఉన్న రాళ్ల నేల.

ఈ మూడు చోట్ల భూమి చరిత్ర ఒకటి కాదు. పుంగనూరు జమీందారీ. కుప్పం చుట్టుపక్కల కంగుంది జమీందారీ. మదనపల్లె దత్తమండలాల్లోది, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే మన్రో రైత్వారీ నడిచిన సీమ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక మూడూ ఒక గొడుగు కిందికి వచ్చాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారును తప్పించి, సాగులో ఉన్న రైతుకు పట్టా ఇచ్చింది. ఆ రైతు దగ్గర కూలికి పోయేవాడికి మాత్రం ఏమీ దక్కలేదు. ఎస్టేట్ల బంజర్లు, పోరంబోకులు ప్రభుత్వానికి చేరాయి. కూలివాడి ఆశ వాటి మీదే నిలిచింది.

ఆ నేలకు దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకునే పట్టానే ఇక్కడ డీకేటీ అంటారు. 1954 జూన్ 18కి ముందు ఇచ్చినదైతే అమ్ముకోవచ్చు. ఆ తర్వాతిదైతే వారసులకు రావాలే తప్ప చేతులు మారకూడదన్నది 2023 దాకా నియమం. 1973 భూసంస్కరణల (సీలింగు) చట్టం పెద్ద కమతాలను కోస్తుందన్నారు. కానీ అయిదుగురి కుటుంబానికి మెట్ట 35 నుంచి 54 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చిన ఆ చట్టం, వానను నమ్ముకున్న ఈ చేలను ఎంత కదిలించగలదు? అందుకే ఇక్కడ అసలు భూపంపిణీ సీలింగుతో కాదు, డీకేటీతో జరిగిందంటాను.

పట్టా ఇచ్చినంత మాత్రాన భూమి నిలవదు. రెండేళ్లు వరసగా వాన తప్పితే, బిడ్డ పెళ్లి ముంచుకొస్తే, ఆ డీకేటీ మెట్టే తాకట్టుకో అమ్మకానికో పోయేది. 1977 చట్టం ఇలాంటి తాకట్లు, అమ్మకాలు చెల్లవంది. అయినా తెల్లకాగితాల మీద అమ్మకాలు సాగుతూనే వచ్చాయి. వాటికి కళ్లెం వేయడంలో చట్టం కంటే తిండిగింజలకే ఎక్కువ బలం ఉందని నా నమ్మకం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మరుసటి ఏడాది కరణీకం రద్దయి, ఊరి లెక్కలు ఒకే ఇంటి గుప్పిట్లోంచి బయటపడ్డాయి. 2006లో ఉపాధి హామీ తొలి విడతలోనే చిత్తూరు జిల్లాకు చేరింది. జనం దాన్ని కరువు పని అన్నారు, ఆ పేరు సరిగ్గా సరిపోయింది. ఎండాకాలం కూలి ఊళ్లోనే దొరికితే చేను తాకట్టు పెట్టాల్సిన అగత్యం తగ్గుతుంది. పైగా ఆ పథకం కింద దళితుల, చిన్నరైతుల సొంత చేలల్లోనే రాళ్లు ఏరారు, గట్లు వేశారు, మామిడి నాటారు. 2005 నుంచి విడతలుగా పంచిన పట్టాలను ఆడవాళ్ల పేరిట ఇవ్వడం అంతకంటే పెద్ద మార్పు.

అయితే ఆ మేలే మరో ముడి వేసింది. మొదట్లో భూమే సంక్షేమం. తర్వాత భూమి కాగితం సంక్షేమానికి గడప అయింది. 2019లో వచ్చిన రైతు భరోసా సాయం, కేంద్రం సొమ్ముతో కలిపి ఏడాదికి 13,500 రూపాయలు, ప్రధానంగా పాసుబుక్కు ఉన్నవాడికే అందింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకూ చోటిచ్చారు గానీ, సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలన్నారు. పదకొండు నెలలకే పరిమితమైన ఆ కాగితం మీద కూడా సంతకం పెట్టడానికి యజమాని జంకేవాడు. మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలే రైతుల్లో గుత్తకు చేసేవాళ్లూ ఉన్నారు. పెట్టుబడి, నష్టం వాళ్లవి. సాయం మాత్రం పాసుబుక్కు వెంట పోయింది.

ఇంతలో బెంగళూరు దగ్గరైంది. గుట్టవారన రాళ్ల నేలకూ ధర వచ్చింది. 2023లో, ఇచ్చి ఇరవై ఏళ్లు నిండిన డీకేటీ భూములపై అసలు పట్టాదారులకు, వారి వారసులకు పూర్తి హక్కు ఇస్తూ చట్టం సవరించారు. పేదవాడికి తన భూమిపై అందరిలాంటి హక్కు ఉండాలన్నది న్యాయమే. అయితే హక్కుపత్రం చేతికందేసరికి తెల్లకాగితం మీద ముందే కొనిపెట్టుకున్నవాడు గుమ్మంలో ఉంటే, ఆ హక్కు ఎవరిది? 2024లో ప్రభుత్వం మారాక అలా పూర్తి హక్కు వచ్చిన భూముల రిజిస్ట్రేషన్లు ఆగాయి.

అదే ఏడాది జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయి. భూమి ఫిర్యాదులు తీసుకుంటామని అధికారులు చెప్పగానే, మడతలు పడి చిరిగిన పాత పట్టాలు పట్టుకుని పల్లెల జనం అక్కడ బారులు తీరారు.