తేలియా రుమాలును వస్త్రవర్తకుని బాధ్యతయు

మన కులవృత్తికి కీర్తి రంగుల సొంపు వలన వచ్చినదని పలువురు చెప్పుదురు; రంగు నిలుచుట వలన వచ్చినదని మా యభిప్రాయము. కృష్ణాతీరపు ఇసుకనేలలలో దొరకు చిరివేరుతో అద్దిన ఎఱుపు ఎన్ని ఉతుకులకును వెలిసెడిది కాదు. 1611లో ఆంగ్ల కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పుటకు ఈ తీరపు వస్త్రములే ముఖ్యకారణము.

1868లో జర్మనీ రసాయనజ్ఞులు ఆ ఎఱుపునకు మూలమగు అలిజరిన్‌ను కృత్రిమముగా చేసిరి. చిరివేరునకు గిరాకి పోయెను. చీరాల నేతగాండ్రు క్రొత్తరంగును గైకొనిరి గాని పాత సంస్కారమును విడువలేదు. నూలును నూనెలోను, బూడిద తేర్చిన నీటిలోను మరల మరల నానవైచి ఎండబెట్టుదురు. ఈ పనికే పెక్కుదినములు పట్టును. పిమ్మట చిటికి కట్టి, ఎఱుపు నలుపు రంగులు వేసి, పడుగును పేకను గళ్లు తప్పకుండ పొందించి నేయుదురు. నూనె వాసనయే తేలియా రుమాలునకు గుర్తు. ఎండకు మెత్తగా చల్లగా నుండుటచే అరబ్బు దేశములవారు దానిని కోరి కొనిరి. పూర్వులు వాడినదెల్ల చెట్టురంగేయని నేడు కొందఱు వ్రాయుచున్నారు, అది సరికాదు. సరకు మంచిదైనప్పుడు దానికి లేని గుణము నంటగట్ట నేల?

ఈ విద్య చీరాలనుండి తెలంగాణమున పోచంపల్లి, పుట్టపాక గ్రామములకు వ్యాపించెను. 1985 నాటి చట్టము కొన్ని వస్త్రములను చేమగ్గమునకే ప్రత్యేకించినది. 2005లో పోచంపల్లి ఇక్కతునకు భౌగోళిక గుర్తింపు లభించెను. అయినను ఆ నమూనాలను యంత్రముపై అచ్చువేసి పోచంపల్లి పేరిటనే అమ్మువారున్నారు. వారిలో పరులే కాదు, మనవారును గలరని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. వారాల తరబడి చిటికి కట్టిన కుటుంబము ఆ చవుక ధరతో పోటీపడజాలదు. వారి పిల్లలు మగ్గము దిగి పట్టణములకు పోవుచున్నారు.

పేరు నిలుపుకొనగోరు వర్తకుడు నూలేది, రంగేది, ఏ మగ్గముపై నేసినది, నేతగానికి కూలి యెంత ముట్టినది అనునవి చీటీపై వ్రాసి యీయవలెను. రంగు తొట్టినీరు ఊరి చెఱువునకు వదలరాదు. అట్టి చీటీ వచ్చువఱకు కొనువారు చీరను తిరగవేసి చూతురు గాక. చిటికి పనిలో రంగు రెండువైపుల నొకటే, గీతల యంచులు చెదరియుండును. అచ్చుబట్టకు అంచులు కోసినట్లుండును, వెనుకవైపు వెలవెలబోవును.