పటంలో రంగు మారితే: చాథమ్ నుంచి గలాథియా దాకా

నగర బృహత్ ప్రణాళికల పటాలలో నివాస ప్రాంతానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమకు ఊదా రంగు వేయడం మన దేశంలో ఆనవాయితీ. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఒక సర్వే నంబరు ఊదా రంగులోకి మారాలంటే ప్రకటన వెలువడాలి, అభ్యంతరాలు ఆహ్వానించాలి. ఆ అభ్యంతరాలు ఏ గతి పట్టినా, చెప్పుకోవడానికి ఒక గడువంటూ ఉంటుంది. అండమాన్ నికోబార్ దీవుల భూమికి చరిత్రలో ఆ పాటి గడువు కూడా అరుదుగానే దక్కింది.

1883లో బ్రిటిష్ పాలకులు పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న చాథమ్ దీవిలో రంపపు మిల్లు నెలకొల్పారు. ఆనాటి నుంచి పాలకుల దృష్టిలో అండమాన్ అడవి కలప గిడ్డంగి అయింది. స్వాతంత్ర్యానంతరమూ ఆ దృష్టి మారలేదు. ప్లైవుడ్ కర్మాగారాలు, అగ్గిపుల్లల తయారీ దానిపైనే బతికాయి. చివరకు శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా 2002 మే 7న సుప్రీంకోర్టు కఠిన ఆంక్షలు విధించాక ఆ శకం ముగిసింది. పరిశ్రమ పోయింది, నరికిన అడవి మాత్రం తిరిగి రాలేదు.

రెండో పాఠం లిటిల్ అండమాన్‌ది. ఆదివాసుల రక్షణ కోసం 1956లో ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. దాని ప్రకారం 1957లో ఆ దీవి మొత్తాన్నీ ఓంగీ తెగ రిజర్వుగా ప్రకటించారు. పదిహేనేళ్లు గడిచాయో లేదో, 1972లో ఒకసారి, 1977లో మరోసారి కొంత భాగాన్ని రిజర్వు నుంచి తప్పించారు. నిర్వాసితుల కాలనీలు, కలప, ఆయిల్‌పామ్ తోటలు అక్కడికి చేరాయి. 1901 లెక్కల్లో 672 మందిగా ఉన్న ఓంగీలు నేడు నూటికి కొంచెం అటూ ఇటూగా మిగిలారు. ఈ క్షీణతకు రోగాల వంటి కారణాలూ ఉన్నాయి. ఒక్క గెజిట్ ప్రకటననే దోషిగా నిలబెట్టలేం. అయితే తెగను కాపాడతామని గీసిన గీతను ఆ తెగను సంప్రదించకుండానే చెరపవచ్చని నిరూపించింది మాత్రం ఆ ప్రకటనలే.

ఇప్పుడు వంతు గ్రేట్ నికోబార్‌ది. ఈ దీవికి ప్రభుత్వం పెట్టిన పేర్లను వరుసగా చూడండి. 1956 రెగ్యులేషన్ కింద ఆదివాసీ రిజర్వు. 1969 నుంచి పంజాబ్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ తదితర రాష్ట్రాల మాజీ సైనికులకు సాగుభూమి. 1989లో జీవావరణ రిజర్వు. 1997లో గలాథియా తీరం తోలుతాబేళ్ల కోసం అభయారణ్యం. 2021 జనవరిలో జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం ఆ అభయారణ్య హోదాను తొలగించేందుకు ఆమోదించింది. దాదాపు అదే రోజుల్లో కేంద్రం విడుదల చేసిన సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళిక మాత్రం గలాథియాను ముఖ్యమైన గూళ్ల తీరంగా పేర్కొంది. ఒకే ప్రభుత్వం, ఒకే తీరం, రెండు పటాలు!

2022 అక్టోబరు, నవంబరు నెలల్లో అటవీ, పర్యావరణ అనుమతులు వచ్చాయి. ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కలిపి 166 చదరపు కిలోమీటర్ల ప్రాజెక్టు; అందులో సుమారు 130 అడవి. నరికే అడవికి బదులు మొక్కలు నాటేది హర్యానాలో! మలక్కా జలసంధికి చేరువలో ఉన్న దీవికి వ్యూహాత్మక విలువ ఉందన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. దీవుల యువతకు ఉపాధి కావాలన్నదీ నిజమే. కానీ దేశ రక్షణకు నౌకాస్థావరం అవసరమైతే ఆ మాట చెప్పి వాదించాలి. సరుకు రవాణా రేవుకూ, లక్షల మందికి తలపెట్టిన పట్టణానికీ అదే గొడుగు పట్టడం సబబు కాదు.

2004 డిసెంబరు 26 సునామీలో ఊళ్లు కోల్పోయిన నికోబారీలు నేటికీ క్యాంప్‌బెల్ బే దగ్గరి పునరావాస ఇళ్లలోనే ఉన్నారు. తాతల నాటి తీరానికి తిరిగి వెళ్లాలన్నది వారి కోరిక. అక్కడి ఆదివాసీ మండలి మొదట నిరభ్యంతర పత్రం ఇచ్చింది. తమ పాత ఊళ్లు కూడా ప్రాజెక్టు పరిధిలోకి వస్తున్నాయని తెలిశాక, 2022 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది. అడవి లోపలి షోంపెన్‌లను అడిగే మార్గమే లేదు. మరోవైపు, ఒకనాడు ప్రభుత్వమే తెచ్చి స్థిరపరచిన మాజీ సైనికుల కుటుంబాల భూములూ విమానాశ్రయం కోసం సేకరణ జాబితాలోకి వచ్చాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగువారు దాదాపు 13 శాతం. వలస వెళ్లి అక్కడ స్థిరపడిన మనవాళ్లకు కూడా ఈ చరిత్ర ఒక హెచ్చరిక. ఇవాళ ఆదివాసీ రిజర్వు గీతను చెరిపినవారికి రేపు సెటిలర్ పట్టా గీత అడ్డం కాదు. పరిశ్రమ రావాలా వద్దా అన్నది తర్వాతి ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ నేల మీద బతికేవారికి పూర్తి పటం చూపించి అడిగారా అన్నది. నూట నలభై ఏళ్లుగా దాటవేస్తూ వచ్చిన ఆ ప్రశ్నకు జవాబు చెప్పాకే కుంచె పట్టాలి.