లజార్ కార్నో: పుట్టుక ఆపిన ఇంజనీరు, యుద్ధ మంత్రి

లజార్ కార్నో (1753–1823) ఫ్రాన్సుకు చెందిన సైనిక ఇంజనీరు, గణిత శాస్త్రవేత్త, 1800లో ఆ దేశ యుద్ధ మంత్రి. పుట్టుకను బట్టి హోదా పంచే వ్యవస్థ ఒక మనిషిని ఎక్కడ ఆపుతుందో, అది కూలితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మేము ఆయన జీవితాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం.

పుట్టుక గీసిన గీత

కార్నో బర్గండీ ప్రాంతంలోని నొలే పట్టణంలో ఒక న్యాయవాది ఇంట పుట్టాడు. మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో చదివాడు. 1783లో యంత్రాల సిద్ధాంతంపై పుస్తకం ప్రచురించాడు. అయినా 1789లో విప్లవం మొదలయ్యేనాటికి, 36 ఏళ్ళ వయసులో, ఆయన ఇంకా కెప్టెనే. పై హోదాలు ప్రభువంశాలవి. 1781 నాటి రాజాజ్ఞ ప్రకారం పదాతి, అశ్విక దళాల్లో నేరుగా అధికారిగా చేరాలంటే నాలుగు తరాల ప్రభువంశాన్ని రుజువు చేసుకోవాలి. ఇంజనీర్ల విభాగంలోకి మధ్యతరగతివారు రాగలిగినా, కెప్టెన్ దాటి పోవడం అరుదు.

సైన్యాన్ని మార్చిన కమిటీ

1791లో శాసనసభకు, 1792లో జాతీయ కన్వెన్షన్‌కు ఎన్నికైన కార్నో 1793 ఆగస్టులో ప్రజా భద్రతా కమిటీలో చేరి సైనిక వ్యవహారాలు చేపట్టాడు. అదే నెల 23న సామూహిక సైనిక సమీకరణ శాసనం వచ్చింది. 18–25 ఏళ్ళ అవివాహితులు ముందుగా సైన్యంలో చేరాలి. సేనాధిపతుల ఎంపికలో వంశం పక్కకు పోయింది. అక్టోబరులో వాటిన్యీ యుద్ధంలో కార్నో పక్కన నిలిచి సైన్యాన్ని నడిపిన జుర్దాన్, ఒకప్పుడు మామూలు సిపాయి, తర్వాత బట్టల వ్యాపారి.

మరో పక్కను దాచలేం. వేలమందిని చంపిన భీభత్స పాలన ఆ కమిటీదే. దాని ఉత్తర్వులపై కార్నో సంతకాలూ ఉన్నాయి.

చదువు, ఫీజు

1794లో పారిస్‌లో పాలిటెక్నిక్ పాఠశాల స్థాపనకు మోంజ్‌తో పాటు కార్నో కృషి చేశాడు. ప్రవేశం పోటీ పరీక్షతో. విద్యార్థులకు భత్యం ఇచ్చారు. నెపోలియన్ హయాంలో అక్కడ ఫీజు పెట్టారు. తలుపు మీద వంశం పేరు మళ్ళీ రాయనక్కరలేకుండానే పేదలకు దారి ఇరుకైంది.

మంత్రి, తర్వాత ఒంటరి

1800 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు కార్నో నెపోలియన్ కింద యుద్ధ మంత్రిగా పనిచేసి రాజీనామా చేశాడు. 1804లో నెపోలియన్‌ను వంశపారంపర్య చక్రవర్తిని చేసే ప్రతిపాదన వస్తే, ట్రిబ్యునేట్ సభలో దాన్ని ఎదిరించింది ఆయనొక్కడే. కానీ 1815లో అదే చక్రవర్తి కింద హోం మంత్రి అయ్యాడు, కౌంట్ బిరుదూ పొందాడు. రాచరికం తిరిగి వచ్చాక దేశ బహిష్కృతుడై, 1823లో మాగ్డెబర్గ్‌లో మరణించాడు.

మనకెందుకు

మన దేశంలో బ్రిటిష్ సైన్యం 1890ల తొలినాళ్ళలో మహర్ల నియామకాన్ని ఆపేసింది. సుబేదారుగా పనిచేసిన రామ్‌జీ సక్పాల్ కుమారుడు అంబేద్కర్. మహర్లకు సైన్యం తలుపులు మళ్ళీ తెరవాలని ఆయన పట్టుబట్టారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. కార్నోకు సైన్యంలో ప్రవేశం దొరికింది, పైకి ఎక్కే దారి దొరకలేదు. మహర్లకు ప్రవేశమే మూతపడింది. కాబట్టి ఈ రెండు చరిత్రలూ ఒకటి కావు. అయితే ప్రవేశం, పదోన్నతి, ఫీజు అనే మూడు చోట్లా పుట్టుక ఎలా పనిచేస్తుందో విడివిడిగా లెక్క చూడాలని రెండూ చెబుతాయి.